ఏలియా జీపుకు వెండి చక్రాలు

జీపు ఒళ్ళంతా కొత్తది, కాళ్ళు మాత్రం పాతవి. చూసినవాళ్ళెవరైనా మొదట అనే మాట అదే. బానెట్టు నుంచి వెనక మెట్టు దాకా నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. కింద చూస్తే పొక్కులు లేచి, తుప్పు రాలుతూ, ఎండిన బురద పట్టిన నాలుగు చక్రాలు. పట్టుచీర కట్టుకుని తెగిన చెప్పులేసుకున్నట్టుందని ఎదురింటి భూమవ్వ రోజూ నవ్వేది.

ఆ పచ్చరంగు వేసింది ఏలియా. చెన్నూరు నుంచి కోటపల్లి దారిలో పెళ్ళికి ముందు నుంచీ కమాండర్ జీపు నడిపినవాడు. స్టాండులో ఒక్కొక్కరూ జీపులు అమ్ముకుని ఆటోలకు మారిపోతుంటే, "ఆటోల కూసుంటే నా మోకాళ్ళు నా చెవులకు తాకుతయి" అని తాను మారలేదు. కిరాయిలు పలచబడ్డ ఎండాకాలంలో జీపును ఇంటి ముందు నిలబెట్టి, తన చేతులతోనే పాత రంగు గీకి, కొత్తరంగు పట్టించాడు. చక్రాల దాకా వచ్చేసరికి మొదటి వాన పడింది. "తడిల ఇనుము ముట్టుకోవద్దు. వచ్చే ఎండకు చేద్దాం తియ్" అని బ్రష్షు కడిగి పెట్టేశాడు. ఆ వానలు వెనకబట్టకముందే ఒకరోజు పొద్దున, టీ గ్లాసు చేతిలో ఉండగానే, గుండెలో పట్టేసినట్టుందని కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. జీపు ఆ బురదలో అట్లాగే నిలబడిపోయింది.

అతని భార్య ప్రేమమ్మది కోటపల్లి అవతల చిన్న ఊరు. తండ్రి కూలిపని చేసేవాడు, ఆదివారం గుడిలో వాక్యం చదివేవాడు. చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టడం ఆమెకు ఎప్పుడు వచ్చిందో ఆమెకే గుర్తులేదు. నడవడం ఎప్పుడు వచ్చిందో ఎవరికి గుర్తుంటుంది? పెళ్ళై చెన్నూరు వచ్చాక కూడా ఆ చాట ఒడి దిగలేదు. పిల్లలు పుట్టలేదు. ఏలియా దాన్ని గురించి ఎన్నడూ మాట ఎత్తలేదు. పైగా ఆదివారం గుడి నుంచి వచ్చాక, "రా, నీకొక పని నేర్పుత" అని జీపులో గోదావరి వైపు ఇసుకదారికి తీసుకుపోయేవాడు. "గేరు మార్చుడంటే బీడీకి దారం కట్టుడే. సూడకుంట కట్టాలె" అనేవాడు. ఆమె చూడకుండానే కట్టేది. మంచిర్యాల తీసుకెళ్ళి లైసెన్సు కూడా ఇప్పించాడు. వేసవి కూటాలకు సంఘం ఆడవాళ్ళను ఎక్కించుకుని ఆమె జీపు నడుపుతుంటే, ఏలియా పక్కన కూర్చుని కిటికీలోంచి చెయ్యి బయట వేసి, పెద్ద ఆసామిలాగా దారంతా పలకరించుకుంటూ వచ్చేవాడు. స్టాండులో తోటి డ్రైవర్లు, "ఏలియన్నా, క్లీనర్‌గ జేరినవా?" అని ఆటపట్టిస్తే, "జీతం లేకుంట" అని జవాబిచ్చేవాడు.

ఏలియా అక్క సువార్తమ్మది చెన్నూరులోనే నాలుగు గల్లీల అవతల ఇల్లు. ఆమె కూతురు మహిమ సగం ఈ ఇంట్లోనే పెరిగింది. మామ జీపులో వెనక మెట్టు మీద నిలబడి బడికి పోయిన పిల్ల. ఇప్పుడు ఆ పిల్లకు పెళ్ళి.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక ఆచారముంది. చుట్టుపక్కల మిగతా ఇళ్ళల్లో పెళ్ళికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొస్తాడు. సంఘంలో చేరినప్పుడు వీళ్ళ తాతలు గంపను వదిలిపెట్టారు గానీ మేనమామను వదిలిపెట్టలేదు. పిల్లను గుడికి చేర్చేది మేనమామ బండే. మొదట ఎడ్లబండి, తర్వాత ట్రాక్టరు, ఆ తర్వాత జీపు. మహిమ ఊహ తెలిసినప్పటి నుంచీ, పెళ్ళంటే మామ జీపులో గుడికి పోవడమనే అనుకునేది.

మే నెల. పెళ్ళి వారంలోకి వచ్చింది. సువార్తమ్మ పెళ్ళికార్డు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. చెమట తుడుచుకుంటూ జీపు వైపు చూసింది, మళ్ళీ చూపు తిప్పుకుంది.

"ప్రేమా, గుడిల ఇచ్చినంక మొదటి కార్డు నీకే తెచ్చిన."

"నాకు కార్డెందుకు వదినె? పిల్లను తోలుకపోయేటిదే నేనైతి."

సువార్తమ్మ కొంగుతో విసురుకుంది. "అదే చెప్దామని వచ్చిన. మీ అన్నయ్య మంచిర్యాలల తెల్లకారు మాట్లాడిండు. ఏసీ ఉన్నది."

"మేనమామ బండి ఉండంగ కారెందుకు?"

"మేనమామ ఉంటే..." అని ఆగి, సువార్తమ్మ మాట మార్చింది. "బండి సంగతి నేననేది. ఆ చక్రాలు సూడు. పెండ్లోళ్ళు వరంగల్‌కెళ్లి వస్తుండ్రు. అడుగడుగుకు ఫోటోలు తీస్తరు. నా తమ్ముని బండి సూసి ఎవలన్న పక్కున నవ్వితే నా పానం ఊకుంటదా?"

"చక్రాలు మంచిగైతే?"

"వారంల పెండ్లి పెట్టుకొని ఏం చేస్తవే?"

"చేస్తే?"

"చేస్తే అప్పుడు సూద్దాం" అని లేచింది సువార్తమ్మ. ఆ మాట ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

ఎదురింటి అరుగు మీద బీడీలు చుడుతూ అంతా విన్న భూమవ్వ, సువార్తమ్మ గల్లీ మలుపు తిరిగేదాకా ఓపిక పట్టి, చాటతో సహా లేచి వచ్చింది.

"చక్రాలంటది గని పిల్లా, దాని మనసుల ఉన్నయి చక్రాలు కాదు. మొగడు లేనిది పెండ్లిపిల్లను తోలుకపోవుడేందని. నోట్లెకెళ్లి రాలే, గంతే."

"మా వదినె గట్లాంటి మనిషి కాదక్కా."

"కాదు. గట్లాంటోళ్ళు ఏమంటరో అని భయపడే మనిషి."

భూమవ్వ అన్నది నిజమేనని ప్రేమమ్మకూ తెలుసు. కానీ వదిన నోరు తెరిచి అన్నది చక్రాల గురించి. ముందు ఆ మాటకు జవాబు చెప్పాలి. దాని వెనకున్న మాట అప్పుడు బయటికి వస్తే రానీ.

ఆ సాయంత్రమే మెయిన్ రోడ్డు మీద కొండల్ మెకానిక్ షెడ్డుకు పోయింది. ఏలియా జీపు విప్పి బిగిస్తూనే తనకు పని వచ్చిందని చెప్పుకునే మనిషి కొండల్. విషయం విని రెండు చేతులూ జోడించాడు.

"అక్కా, నీకు దండం పెడ్త. పెండ్లిళ్ళ సీజను. నా పెండ్లామే వచ్చి బండి చెయ్యమన్నా వచ్చే నెల రమ్మంట."

"నువ్వు చెయ్యకు. ఎట్ల చెయ్యాల్నో చెప్పు. నేను చేసుకుంట."

కొండల్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి నవ్వు మింగేశాడు. తీగల బ్రష్షు వెతికి తీసి చేతికిచ్చాడు. "తుప్పంటే దయ్యం అసొంటిది అక్కా. జరంత ఇడిసినా రంగు కింద కూసుండి మళ్ళ లేస్తది. ఇనుము తెల్లగ మెరిసేదాక గీకు. మీద తుప్పు పట్టకుంట రెడాక్సైడ్ కొట్టి ఒక దినం ఎండనియ్. దాని మీద సిల్వర్. నట్టు కూసునే గుంటలల్ల మటుకు రంగు పడొద్దు. పడితే నట్టు పట్టదు, తొవ్వల చక్రం వదులైతది. బండ్ల పెండ్లిపిల్ల ఉంటది, యాద్పెట్టుకో."

"టైరుకు రంగంటితే ఎట్ల?"

"గిగో, ఈ టేపెయ్యి. ఫికర్ చెయ్యకు, అన్న చెయ్యి నీ చెయ్యి ఒక్కటే."

తెల్లవారి పొద్దెక్కకముందే పని మొదలుపెట్టింది. జాకీ పెట్టి లేపి, కింద కట్టెమొద్దులు దోపి, ముందు చక్రాలు రెండూ విప్పింది. ఏలియా చేస్తుండగా జాకీ కింద పలక సర్దడం, నట్లు గిన్నెలో వేసుకోవడం ఆమె పనే గనక చేతులు తడుముకోలేదు. గీకడం మాత్రం ఏలియా ఒక్కడి పనిగా ఉండేది. ఎంత పనో ఇప్పుడు తెలిసింది. తీగల బ్రష్షు కిర్రుకిర్రుమంటుంటే ఎర్రటి తుప్పు దుమ్మై లేచి ముక్కులో, కనురెప్పల మీద, నాలుక మీద కూర్చుంది. ఉమ్మితే ఎర్రగా పడింది. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి చూశారు. "ఏం చేస్తున్నవ్ ప్రేమమ్మా?" అంటే, "పెండ్లికి సింగారం చేస్తున్న" అంది.

తుప్పు పోయింది. గిన్నెలు తోమినంత తెల్లగా ఇనుము బయటపడింది. అప్పుడు వచ్చింది టైరు తంటా. కొండల్ ఇచ్చిన టేపు ఆ పాత రబ్బరుకు అతుక్కుంటే ఒట్టు. ఇటు అంటిస్తే అటు లేస్తుంది. మే ఎండకు దాని జిగురు కరిగి చేతికి అంటుకుంది గానీ టైరుకు అంటలేదు. పాత పేపరు దోపి చూసింది, చిరిగింది. గుడ్డ దోపింది, లావై ఇమడలేదు. టైరుకూ ఇనుప అంచుకూ మధ్య ఉన్న సందు అంత సన్నం.

ఆ సందునే చూస్తూ కూర్చున్న ప్రేమమ్మ చూపు అరుగు మీది చాట మీద పడింది. చాటలో తునికాకు.

సన్నటి సందులో ఆకును దోపడం, వేలి కొసతో అంచు మడవడం కంటే ఆమెకు బాగా తెలిసిన పని లోకంలో ఇంకేముంది? లేచి ఆకు తెచ్చింది. టైరు గాలి కొంత తీసి, మడమతో టైరు పెదవిని తొక్కిపట్టి, ఆ సందులోకి ఆకు దోపింది. వెన్నలోకి పోయినట్టు పోయింది. దాని మీద సగం కప్పేట్టు ఇంకో ఆకు, దాని మీద ఇంకోటి. గూనపెంకులు పరిచినట్టు టైరు చుట్టూ పరుచుకుంటూ వచ్చింది. నట్టు గుంటలకు కత్తెరతో గుండ్రటి ఆకుబిళ్ళలు కత్తిరించి కప్పింది. చూసుకుంటే ముచ్చటేసింది. నల్లటి టైరు మీద ఆకుల పూవు విచ్చుకున్నట్టుంది. రెండు చక్రాలకూ ఎర్రటి రెడాక్సైడు కొట్టి, నీడకు ఆనించి పెట్టింది. ఆ రోజు అన్నం రుచిగా తిన్నది.

తెల్లవారి ఆకులు తీసింది.

అంచు చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి చార. దాని పక్కనే రంగు బొబ్బలెక్కి ఉంది. గోటితో తాకితే అప్పడంలాగా లేచి వచ్చింది. కింద, నిన్న తెల్లగా మెరిసిన ఇనుము మీద, అప్పుడే కొత్త తుప్పు.

ఏం జరిగిందో అర్థమవడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. బీడీ ఆకును ముందురోజు సాయంత్రమే నీళ్ళు చల్లి, తడి గోనెలో చుట్టి పెట్టుకుంటారు. ఎండిన ఆకు వంచితే విరుగుతుంది గనక, చుట్టేవాళ్ళెవరూ పొడి ఆకు ముట్టుకోరు. చాటలో ఉన్నది అట్లా నానిన ఆకే. అది తడిదన్న ఆలోచనే ఆమెకు రాలేదు. ఆకు అంటేనే తడిగా ఉండాలి ఆ చేతులకు. ఆ తడి అంతా ఇనుము మీదికి దిగింది. తునికాకు తడి తగిలితే ఇనుము నల్లబడుతుందని, తుడవకుండా పెట్టిన తన కత్తెర మీద రోజూ చూస్తూనే ఉంది కదా. చూసి చూసి కనబడకుండా పోయింది.

అప్పుడే, రాకూడని వేళకే, సువార్తమ్మ వచ్చింది. చేతిలో ప్రేమమ్మకు పెట్టే పెళ్ళిచీర. ఆమె చక్రాన్నీ, పక్కన తీసిపడేసిన ఆకులనూ చూసింది. వంగి వేలితో బొబ్బను తాకింది. రంగు రాలింది. కోప్పడితే బాగుండేది. కానీ ఆమె గొంతు మెత్తగా అయిపోయింది.

"ప్రేమా, ఇగ వద్దు. ఎందుకే ఈ పరేషాన్? మీ అన్నయ్యకు చెప్త, కారే ఖాయం. నువ్వు మాతోనే కార్ల కూసుందువు గని."

చీర అరుగు మీద పెట్టి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది.

ప్రేమమ్మ చక్రం ముందు నేల మీద కూర్చుండిపోయింది. ఏలియా పోయినరోజు ఇల్లంతా జనం. అందరికీ మంచినీళ్ళిచ్చే పనిలో ఏడవలేదు. నలభయ్యో రోజు కూటం నాడు ఏడ్చింది గానీ, అది అందరితో కలిసి ఏడ్చిన ఏడుపు. ఈ పొద్దు ఒక్కతే ఏడ్చింది. జీపు ముందు రెండు కాళ్ళూ లేకుండా మొద్దుల మీద మోకరిల్లి ఉంది. దాని పచ్చటి తలుపు సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా ఉంది. ఆ తలుపుకు ఏలియా రెండుసార్లు రంగు వేశాడు. మొదటిసారి వేసిన సాయంత్రమే దుమ్ముగాలి లేచి, తడి రంగంతా ఇసుక పట్టుకుంది. తెల్లారి అతను తలుపు మీద చెయ్యి పెట్టి, "అరె, ఇది తలుపు కాదు, గరుకు కాగితం. దీంతోనే మిగిలింది గీకొచ్చు" అని పడీపడీ నవ్వి, మొత్తం గీకేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఏందే పిల్లా, రిమ్ముకు బీడీ చుట్టినవా?" భూమవ్వ ఎప్పుడొచ్చిందో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. "ఇంత పెద్ద బీడీ ఎవడు తాగుతడే? దారం కట్టి కార్ఖానల ఇయ్యి, సేటు గుండె ఆగి చస్తడు."

ప్రేమమ్మకు ఏడుపులోనే నవ్వు తన్నుకొచ్చింది. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. "నానవెట్టిన ఆకక్కా. ఆ తడి కొంప ముంచింది."

"నానవెట్టకుంటే ఇరుగుతది."

"ఇరుగుతది."

భూమవ్వ దవడ గోక్కుంది. "నానవెట్టకుంట మెత్తగుండేది పచ్చాకు. అడివి నిండ ఉన్నది. రేపు నేను ఆకు తెంపవోతున్న. చీకట్లనే లేస్తె రా, లేదంటే ఈడ్నే కూసుండి ఏడువు."

ఆ రోజంతా ప్రేమమ్మ చెడిన రంగు గీకింది. వెనక చక్రాలు కూడా విప్పి వాటి తుప్పూ గీకింది. మరునాడు తెల్లవారుజామున, తలకు గుడ్డ చుట్టుకుని ఆకుతెంపే ఆడవాళ్ళతో కలిసి అడవికి నడిచింది. కట్టలుగా ఎండి కార్ఖానా నుంచి వచ్చే ఆకే ఇన్నేళ్ళూ చూసిన చేతికి, కొమ్మ మీది లేత ఆకు తగిలేసరికి అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు అమ్మ వెనక తిరుగుతూ తెంపేది. వీపున దుమ్ములాంటి సన్నటి నూగు, మేక చెవిలాంటి మెత్తదనం. ఆమె ఒక్కొక్క ఆకునూ వేలికి చుట్టి, విరగకుండా తిరిగినదాన్నే కొంగులో వేసుకుంది.

"పెండ్లిపిల్లకు చీర ఏరుతున్నట్టు ఏరుతున్నవ్" అంది భూమవ్వ.

"చీరే అక్కా. అంచుచీర."

ఇంటికొచ్చి ఆకులను పాత ధోవతితో తుడిచింది. రెండు వైపులా చెంపకు ఆనించి చూసుకుంది, తడి లేదు. మళ్ళీ టైరు పెదవి తొక్కింది, మళ్ళీ గూనపెంకుల్లా పరిచింది, గుంటలకు బిళ్ళలు కప్పింది. రెడాక్సైడు కొట్టింది. మరునాడు ఒక ఆకు కొస పట్టి మెల్లగా లాగింది.

అంచు శుభ్రంగా ఉంది.

ఇక ఆగలేదు. కొత్త ఆకు పరిచి సిల్వర్ పట్టించింది. బ్రష్షు గీతలు పడకుండా పలచగా ఒక పూత, ఆరాక ఇంకో పూత. పెళ్ళి ముందురోజు మధ్యాహ్నానికి నాలుగు చక్రాలూ గోడకు ఆని, ఇప్పుడే కొలిమి నుంచి వచ్చిన వెండిపళ్ళేల్లాగా కళ్ళు చెదరగొడుతున్నాయి. టైర్లకు గాలి కావాలి. ఒక్కొక్క చక్రాన్నీ గల్లీలో దొర్లించుకుంటూ పంక్చర్ షాపుకు బయల్దేరింది. ఆ వెలుగు గోడల మీద, అరుగుల మీద పడి కదులుతూ పోయింది. ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు బయటికొచ్చి, అడ్డమున్న సైకిళ్ళు తీసి దారిచ్చారు. చివరి చక్రం దొర్లేసరికి కొండల్ ఎదురొచ్చాడు. పనంతా షెడ్డులో పడేసి వచ్చాడు. చక్రాన్ని పట్టి ఆపి, నట్టు గుంటల్లో వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు.

"రంగు పడలే" అన్నాడు. తర్వాత అంచు చుట్టూ చూసి, "టేపు యాడికెళ్లి తెచ్చినవక్కా? గింత మంచి టేపు నాకు దొరకది" అన్నాడు.

"చెట్టుకు కాసింది" అంది ప్రేమమ్మ.

చీకటి పడేలోపు చక్రాలు ఎక్కించి, నట్లన్నీ తనే బిగించింది. పెళ్ళినాటి పొద్దున తలంటుకుని, వదిన పెట్టిన చీర కట్టుకుని, జీపు ఎక్కింది. పిలవని బండి అని తెలుసు. వద్దంటే తిప్పుకుని రావాల్సి ఉంటుందనీ తెలుసు. తాళం తిప్పితే, ఇన్నాళ్ళూ వారానికోసారి ఆమె తిప్పి ఆపుతూ వచ్చిన ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంది.

సువార్తమ్మ ఇంటి ముందు పందిరి కింద తెల్లకారు నిలబడి ఉంది. దాని ముందు భాగానికి బంతిపూల దండలు కడుతున్నారు. ఆ పక్కనే జీపు వచ్చి ఆగింది. దండలు కడుతున్న చేతులు ఆగాయి. గుమ్మంలోంచి సువార్తమ్మ బయటికి వచ్చింది. ఏదో అనడానికే వచ్చిందని ఆమె నడకలోనే తెలుస్తోంది. మెట్లు దిగి, జీపు దగ్గరికి వచ్చి, కిందికి చూసి ఆగిపోయింది.

పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని ముందు చక్రం దగ్గర కూర్చుంది. ఆమె కూడా పెళ్ళయ్యేదాకా బీడీలు చుట్టిన మనిషే. అరచెయ్యి అంచు వెంబడి ఒక చుట్టు తిప్పింది.

"గీత గీసినట్టున్నది" అంది. "మళ్ళ ఆకుతోనే చేసినవా?"

"ఆకుతోనే. పచ్చాకు."

"నానవెట్టలే?"

"నానవెట్టలే వదినె."

సువార్తమ్మ లేచి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు, ముఖంలో నవ్వు. పచ్చటి తలుపు మీద చెయ్యి వేసింది. "మా తమ్ముడు ఈడ బ్రష్షు గీతలు ఇడిసిండు సూడు. పెద్ద పనిమంతుని లెక్క చెప్పుకుంటుండె. వానికంటె నువ్వే మంచిగ చేసినవే."

అని, పూలదండలు పట్టుకున్నవాళ్ళ వైపు తిరిగింది. "ఏం సూస్తుండ్రు? ఇప్పుండ్రి గవి. ఇటు తెండ్రి, జీపుకు కట్టుండ్రి."

దండలు చేతులు మారుతుండగా, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న దూరపు చుట్టం ఒకావిడ నోరు విప్పింది. "బండి సరే. తోలేటందుకు మొగోళ్ళు ఎవలన్న ఉంటే..."

ఇన్నాళ్ళూ నలుగురిలో ఎవరూ అనని మాట అది. అరుగు మీద పూలబుట్ట దగ్గర కూర్చున్న భూమవ్వ చేతిలోని దండ పక్కన పెట్టింది. ప్రేమమ్మ స్టీరింగు పట్టుకున్న చేతులు అట్లాగే ఉంచింది.

తెల్లచీరలో, తల మీద తెల్లటి ముసుగుతో మహిమ వాకిట్లోకి వచ్చింది. "అత్తమ్మ తోలకుంటే నేను నడుసుకుంట పోత. గుడి ఎంత దూరమని?"

"నువ్వు ఊకో పోరీ" అంది సువార్తమ్మ. కూతుర్ని పక్కకు జరిపి, కుర్చీలో ఉన్న ఆవిడ ముందుకు వెళ్ళి నిలబడింది. గొంతు పందిరి అవతలికి కూడా వినబడేట్టు పెంచింది.

"ఆ నట్లు బిగిచ్చింది ఎవలు? నా మరదలు. గా చెయ్యి మీద నాకు నమ్మకమున్నది. నా బిడ్డను నా తమ్ముని బండ్లనే, నా తమ్ముని పెండ్లామే తోలుకపోతది. ఎవలకన్న భయమైతే కారున్నది, చల్లగ ఏసీ ఏసుకొని రాండ్రి."

ఆమె భర్త ఎబినేజర్ అప్పటిదాకా గడప దగ్గర బైబిలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గుడిలో పెద్దమనిషి, ఎక్కువ మాట్లాడని మనిషి. ఇప్పుడు వచ్చి, జీపు వెనక మెట్టు మీద కాలు పెట్టి ఎక్కి కూర్చున్నాడు. అది చూసి మిగతావాళ్ళూ ఎక్కారు. ఎక్కడానికి తోసుకున్నారు. కుర్చీలో ఉన్న ఆవిడ కూడా లేచి, కారు వైపు ఒకసారి, జీపు వైపు ఒకసారి చూసి, "జర చెయ్యియ్యి బిడ్డా" అని జీపు వైపే చెయ్యి చాపింది. కారు డ్రైవరు ఒక్కడే కారులో మిగిలాడు.

ముందు సీట్లో ప్రేమమ్మ పక్కన మహిమ, ఆ పక్కన సువార్తమ్మ. దగ్గరిదారి గుడికి నేరుగా పోతుంది. ప్రేమమ్మ బండిని దగ్గరిదారికి తిప్పలేదు. బజారు వైపు తిప్పింది.

పొద్దుటి ఎండ ఏటవాలుగా రోడ్డు మీద పడుతోంది. చక్రాలు తిరుగుతుంటే ఆ వెండి వెలుగు రోడ్డు పక్క దుకాణాల తలుపుల మీద గిర్రున తిరిగింది. కూరగాయలమ్మే ఆడవాళ్ళు చేతులు అడ్డం పెట్టుకుని చూశారు. జీపు స్టాండు దగ్గర ఆటోల్లోంచి డ్రైవర్లు ఒక్కొక్కరే దిగి నిలబడ్డారు. ఏలియా ఉన్నన్నాళ్ళూ ఆటపట్టించినవాళ్ళలో ఒకతను తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. కొండల్ షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చి, పక్కనున్న గిరాకీని పట్టి ఊపుతూ, "అవి సూడు, ఆ రిమ్ములు సూడు" అని అరుస్తున్నాడు.

గుడి గేటు దూరంగా కనబడింది. వరంగల్ నుంచి వచ్చిన పెళ్ళివారు ఫోన్లు ఎత్తి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశారు. మహిమ ముసుగు సర్దుకుంది. సువార్తమ్మ ముందుకు వంగి, మహిమ మీదుగా ప్రేమమ్మ భుజం పొడిచింది.

"ఏందే, దొంగతనంగ పోతున్నట్టు సప్పుడు చెయ్యకుంట పోతున్నవ్? హారన్ కొట్టు. అందరికి ఎరుకగావాలె."

ప్రేమమ్మ కొట్టింది. గుడి గేటు దాటి బండి ఆగేదాకా దాని మీది నుంచి చెయ్యి తియ్యలేదు.